సాలమ్మ రాసిన వాంగ్మూలం

సైన్స్ కాలేజీ ఆఫీసులో సాలమ్మ చేతిరాత ఎరగనివాళ్లు లేరు. గుండ్రటి అక్షరాలు, ఒకదాన్నొకటి తగలకుండా, ఎక్కడా కొట్టివేత లేకుండా. కంప్యూటర్లు వచ్చి ఇరవై ఏళ్లు దాటినా చేతితో రాయవలసినవి ఏవో మిగులుతూనే ఉన్నాయి. సంజాయిషీలు, వాంగ్మూలాలు, పదవీ విరమణ సభల్లో చదివే సన్మాన పత్రాల చిత్తు ప్రతులు, అన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి.

రాత కంటే ఎక్కువగా ఆమెకు పేరు తెచ్చింది ఆమె భాష. ఎంత కోపంతో రాసిన కాగితమైనా సాలమ్మ చేతిలో పడితే చల్లబడి బయటికి వెళ్లేది. అటెండర్ మొగిలి ఒకసారి తోటి ఉద్యోగి మీద ఫిర్యాదు రాయించుకున్నాడు. "వాడు దొంగ నా కొడుకు" అని అతను చెప్పింది కాగితం మీద "సదరు ఉద్యోగి ప్రవర్తన సంతృప్తికరముగా లేదు" అయింది. మొగిలి దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

"నేను తిట్టిన తిట్టు ఏడ పోయిందక్కా?"

"గీడనే ఉన్నది. అంగీ తొడిగిన, అంతే," అంది సాలమ్మ.

ఆమె ఈ ఆఫీసుకు ఉద్యోగిగా రాలేదు. ఇరవై రెండేళ్ల వయసులో జనగామ పక్క పల్లె నుంచి పెళ్లయి వచ్చి, గోల్నాకలో ఒక్క గదిలో కాపురం పెట్టి, యూనివర్సిటీ ల్యాబుల్లో గాజు సామాను కడిగే దినకూలీగా చేరింది. పదో తరగతి పాసయిందని తెలిసి ఆఫీసు సూపరింటెండెంట్ లక్ష్మయ్య ఆమెను విద్యానగర్‌లో టైపు నేర్చుకోమని తరిమాడు. పొద్దున బీకర్లు, సాయంత్రం టైపు. నాలుగేళ్లకు జూనియర్ అసిస్టెంట్ అయింది. ఇప్పుడు సీనియర్ అసిస్టెంట్. భర్త రాజన్న బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. తార్నాకలో మెట్రో లైనుకు నాలుగు సందుల అవతల రెండు గదుల సొంత ఇల్లు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఆఫీసు.

ఆ భాష కూడా లక్ష్మయ్య నేర్పిందే. కూలీగా ఉన్న రోజుల్లో ఆమె చేతిలో ఒక ఫ్లాస్కు పగిలింది. స్టోరుకీపర్ పదిమందిలో ఆమెను ఒక మాట అన్నాడు. సాలమ్మ ఏడుస్తూ వెళ్లి లక్ష్మయ్యతో చెప్పింది. ఆయన అంతా విని, ఫైలులో "చిన్నపాటి మనస్పర్థ కలిగినది, ఇరువురూ సర్దుకొనియున్నారు" అని రాశాడు. ఆమె మొహం చూసి, "ఫైలు యాభై ఏండ్లు ఉంటది బిడ్డా. వాడన్న మాట నీ పేరు పక్కకు అన్నేండ్లు ఎందుకు బతకాలె?" అన్నాడు. ఆ క్షణంలో ఆమెకు ఆయన దేవుడిలా కనిపించాడు. అప్పటి నుంచి తన చేతి మీదుగా ఒక్క చెడ్డ మాటనూ కాగితం ఎక్కనివ్వలేదు.

రెండేళ్ల కిందట పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఫిర్యాదుల కమిటీలో బోధనేతర సిబ్బంది నుంచి ఒక మహిళ ఉండాలన్నది దాని సారాంశం. ఎవరితోనూ గొడవ లేని మనిషి కాబట్టి సాలమ్మ పేరు రాశారు. మొదటి మీటింగులో ఫ్లాస్కుతో టీ వచ్చింది. అలవాటు కొద్దీ ఆమె లేచింది. అధ్యక్షురాలు ప్రొఫెసర్ పద్మశ్రీ, "కూర్చోండి సాలమ్మ గారూ, మీరిప్పుడు మెంబరు" అన్నారు. సాలమ్మ కూర్చుంది. మరెవరూ లేవలేదు. అరగంట తర్వాత, టీ చల్లారిపోతుందని, ఆమే లేచి పోసింది. ఆ 'గారు' కూడా మీటింగు గది గడప దాటేది కాదు. బయట వరండాలో మళ్లీ "సాలమ్మా, ఆ ఫైలు ఏమైంది?" అనేవారు మేడం. సాలమ్మకు అందులో తప్పేమీ కనిపించలేదు.

కమిటీకి ఒక పద్ధతి ఉండేది. ఆడపిల్లలు పెద్దవాళ్ల ముందు నోరు విప్పరని, మొదటి వాంగ్మూలం సాలమ్మ ఒక్కతే తీసుకునేది. ఒకప్పుడు ల్యాబు తక్కెడలు ఉంచిన పాత తక్కెడల గదిలో ఇద్దరూ కూర్చుంటారు. చెప్పింది చిత్తుగా రాసుకుని, అక్కడే మంచి కాగితం మీద ఎత్తి రాసి, సంతకం తీసుకుంటుంది. కమిటీ ఆ కాగితం చదివి ముందుకు పోతుంది. మంచి ఉద్దేశంతో పెట్టిన పద్ధతే.

జూలై మొదట్లో ధరణి వచ్చింది. జీవరసాయన శాస్త్రంలో నాలుగో ఏడు పరిశోధన చేస్తున్న అమ్మాయి. నాగర్‌కర్నూల్ వైపు పల్లె, తండ్రి పాడి బర్రెలు పెట్టుకుని పాలు పోస్తాడు. ఫిర్యాదు తన గైడు ప్రొఫెసర్ కరుణాకర్ మీద. గైడును మార్చాలని ఆమె కోరిక. ఆగస్టు నెలాఖరుకు ఆమె రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. పొడిగింపు ఫారం మీద గైడు సంతకం ఉండాలి. ఆయన సంతకం పెట్టనన్నాడు. కమిటీ గైడును మారిస్తే కొత్త గైడు పెడతారు. లేదంటే నాలుగేళ్ల పని గంగలో కలిసినట్టే.

తక్కెడల గదిలో సాలమ్మ ఆమెకు మంచినీళ్లు ఇచ్చి, "నిమ్మళంగ చెప్పు బిడ్డా" అంది.

"జూన్ పన్నెండు నాడు మీటింగ్ల నా నోట్‌బుక్ తీసి సింకుల ఏసిండు మేడం. అందరి ముంగట. 'బర్లు కడిగే చేతులతోని మిషన్లు ముడితే గిట్లనే అయితది' అన్నడు. కొందరు నవ్విన్రు."

"ఇంకా?"

ధరణి కిటికీ వైపు చూసింది. గొంతు తగ్గించి చెప్పింది. "'ఫెలోషిప్పు తిననీకి వచ్చిన ముండ' అన్నడు. అది ఇరవయ్యో తారీకు. మళ్ల నెలాఖరుకు ఒకరోజు, సిగ్గుంటే మూడో అంతస్తు నుంచి దుంకు, ఒక సీటన్న ఖాళీ అయితది అన్నడు."

సాలమ్మ చిత్తు కాగితం మీద అన్నీ రాసుకుంది. మంచి కాగితం తీసుకున్నాక కలం ఆగలేదు, అలవాటైన దారినే నడిచింది. "మా గైడు గారు పలు సందర్భములలో నా పట్ల కటువైన పదజాలము ఉపయోగించియున్నారు. నా కుటుంబ నేపథ్యమును గురించి అనుచితముగా ప్రస్తావించియున్నారు. ఇందువలన నేను తీవ్ర మానసిక వేదనకు గురియైతిని." ఈ కాగితం అయిదుగురి చేతుల్లో తిరుగుతుంది. ఆ పిల్ల పేరు పక్కన ఆ మాట కనిపించకూడదనుకుంది సాలమ్మ.

ధరణి కళ్లు తుడుచుకుంటూ కలం అందుకుంది. "అన్నీ రాసిన్రా మేడం?"

"అన్నీ వచ్చినయ్ బిడ్డా."

ధరణి సంతకం పెట్టింది. ఆమె వెళ్లాక సాలమ్మ చిత్తు కాగితాన్ని ఎప్పటిలాగే నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది.

పదిహేను రోజులకు విచారణ పెట్టారు. కరుణాకర్ సార్ ఇస్త్రీ చొక్కాతో వచ్చి అందరికీ నమస్కారం పెట్టాడు. సాలమ్మకూ పెట్టాడు. "ఏం సాలమ్మా, రాజన్న మోకాలు ఎట్లున్నది?" అని అడిగాడు. నిరుడు రాజన్నకు మోకాలు పట్టేస్తే, తెలిసిన డాక్టరుకు ఫోను చేసి అదే రోజు చూపించింది ఆయనే. "నయమే సార్" అంది సాలమ్మ.

ఆయన వాంగ్మూలం చదివి కాగితం మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"కటువుగా మాట్లాడిన. ఒప్పుకుంటున్న మేడం. నా గైడు నన్ను ఇంతకన్న కటువుగా మాట్లాడిండు, అందుకే ఇక్కడి దాక వచ్చిన. కుటుంబం సంగతంటరా, పాడి రైతు బిడ్డవు, ఇంకా కష్టపడాలె అన్న. అది కూడ అనుచితమైతే ఇగ మేం నోర్లు కుట్టుకోవాలె."

ఆయన ల్యాబులో చదివే రత్నాకర్‌ను పిలిచారు. సార్ కటువుగా మాట్లాడతారా అని పద్మశ్రీ అడిగారు. రత్నాకర్ చెప్పుల వైపు చూస్తూ, "గట్టిగనే మాట్లాడుతరు మేడం. అందరితోని అట్లనే" అన్నాడు. పంపించేశారు. కరుణాకర్ సార్ కూడా వెళ్లిపోయాడు.

పద్మశ్రీ కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించారు. "ఇద్దరికీ తగిన సలహా ఇచ్చి ముగిద్దామా? నిర్దిష్టమైన ఆరోపణ ఏమీ లేదు కదా."

మరో ఇద్దరు ప్రొఫెసర్లు తలలూపారు. కమిటీలో బయటి సభ్యురాలు శ్యామలాంబ ఊపలేదు. ఆమె విద్యానగర్‌లో ఉండే లాయరు, అరవై దాటిన మనిషి. వాంగ్మూలాన్ని మూడోసారి చదువుతోంది.

"నాకు ఒకటి సమజైతలేదు. ఈ పిల్ల నాలుగేండ్ల చదువు పోయినా మంచిదేనని ఫిర్యాదు చేసింది. గీ 'కటువు' అనే ఒక్క ముక్క కోసమా? బయట గోడకు మీ నియమావళి అద్దం కట్టి పెట్టిన్రు. ఏడో అంశం చూడున్రి. అన్న మాటలు, తేదీ, స్థలం వాంగ్మూలంలో ఉండాలె అని ఉన్నది. ఇందుల ఒక్కటన్న ఉన్నదా?"

ఆ నియమావళిని టైపు చేసింది సాలమ్మే. "పరిశోధక సమూహమున ప్రతి ఒక్కరూ పరస్పర గౌరవముతో మెలగవలెను" అని మొదలవుతుంది. ఏడో అంశం కూడా ఆమె వేళ్ల కిందనుంచే వెళ్లింది.

"ఎవరు రాసిన్రు ఇది?" అని అడిగింది శ్యామలాంబ.

"నేనే మేడం."

"ఆ అమ్మాయి అన్న మాటలు ఇవేనా?"

"సాలమ్మ గారి రాతకు యూనివర్సిటీలోనే పేరండీ," అన్నారు పద్మశ్రీ.

"రాత సంగతి కాదు మేడం నేను అడిగేది."

"సారాంశం అదే," అంది సాలమ్మ.

శ్యామలాంబ వాంగ్మూలాన్ని పక్కన పెట్టింది. తీర్మానం మీద మాత్రం ఆ రోజు సంతకం చేయనంది. గురువారానికి వాయిదా పడింది.

వరండాలో ధరణి నిలబడి ఉంది. ఫిర్యాది కాబట్టి వాంగ్మూలం నకలు ఆమెకు ఆ పొద్దునే ఇచ్చారు. కాగితాన్ని గుండ్రంగా చుట్టి పట్టుకుంది.

"ఇది నేను చెప్పింది కాదు మేడం."

"మర్యాదగ రాసిన బిడ్డా. నీ కోసమే."

"నా కోసమా? నేను మీ ముంగట ఆ మాట అననీకి ఎన్ని రోజులు పరేషాన్ అయిన్నో మీకు తెల్వదు. ఇంట్ల అమ్మకు చెప్పలే. మీకు చెప్పిన. సార్ కోసం రాసినట్టున్నది ఇది." ఆమె ఏడవలేదు. "ఇప్పుడు నేను కొత్తగ చెప్తే, సంతకం పెట్టినంక కల్పించుకున్నవ్ అంటరు. అంటరా, అనరా?"

అంటారు. ముప్ఫై ఏళ్లుగా ఫైళ్లు చూసిన సాలమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ధరణి సమాధానం కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

సాయంత్రం సాలమ్మ తార్నాక చౌరస్తాలో గోంగూర రెండు కట్టలు కొనుక్కుని ఇంటికి వచ్చింది. రాజన్న టీవీ ముందు కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆమె చాప మీద కూర్చుని ఆకు తెంపుతూ జరిగిందంతా చెప్పింది. రాజన్న వినీ విననట్టు విన్నాడు.

"కరుణాకర్ సార్ మనకు మంచే చేసిండు కదనే."

"చేసిండు."

"మరి?"

"మనకు చేసిండు."

రాజన్న మోకాలు సవరించుకున్నాడు. "సర్వీసు ఇంక రెండేండ్లే ఉన్నది. ఇన్నేండ్లల ఒక్క మెమో లేదు నీకు. నేనే తప్పు రాసిన అని పోయి నీ నోటితోని చెప్తవా? కడుపు చించుకుంటే కాళ్ల మీదనే పడ్తది."

"తప్పు రాయలే. మర్యాదగ రాసిన."

"గదే అంటున్న నేను. మర్యాదగ రాసుడు తప్పెట్లయితది?"

సాలమ్మ ఒక కట్ట పూర్తిచేసి రెండోది విప్పింది.

"అప్పట్ల నన్ను స్టోరుకీపర్ ఏమన్నడో నీకు యాదికున్నదా?"

"ఏదో తిట్టిండని చెప్పినవ్."

"ఏమని?"

"ఏమో. నువ్వు చెప్పలే."

"లక్ష్మయ్య సారుకు ఒక్కనికే చెప్పిన. ఆయన పోయి పదేండ్లయింది. ఫైల్ల మనస్పర్థ అని ఉన్నది. ఇగ ఆ మాట యాడా లేదు."

"ఏమన్నడే?"

ఆమె చెప్పింది. ఆకు మీదనుంచి తల ఎత్తకుండా, రెండే ముక్కల్లో. రాజన్న టీవీ ఆపేశాడు.

"వాడు నాతోని దావత్‌ల పక్కకు కూసోని తిన్నడు," అన్నాడు చివరికి. "రెండు మూడు సార్లు. ఇంటికి పిలిస్తే వచ్చిండు కూడ. నువ్వే చాయ్ ఇచ్చినవ్."

"ఇచ్చిన."

"నాకు తెలిస్తే రానిచ్చేటోన్నా?"

సాలమ్మ తెంపిన ఆకును గిన్నెలో వేసి నీళ్లు పట్టడానికి లేచింది. రాజన్న ఆ తర్వాత మెమో ఊసు ఎత్తలేదు.

గురువారం కమిటీ కూర్చుంది. కరుణాకర్ సార్‌నూ ధరణినీ కూడా పిలిచారు, ముగింపు తీర్మానం చదివి వినిపించడానికి. పద్మశ్రీ కాగితం తీయగానే సాలమ్మ లేచి నిలబడింది. టీ కోసం అనుకుని ఎవరో కప్పులు కాస్త ముందుకు జరిపారు.

"మేడం, వాంగ్మూలంల ఉన్న మాటలు ఆ పిల్లవి కాదు, నావి. ఆమె వేరే చెప్పింది. తారీకులతోని చెప్పింది. బాగుండయని నేను మార్చి రాసిన. అన్నీ వచ్చినయంటే నమ్మి సంతకం పెట్టింది."

ముందుగా తేరుకున్నది కరుణాకర్ సార్.

"అంటే రికార్డు తారుమారు చేసిన అని నువ్వే ఒప్పుకుంటున్నవా సాలమ్మా?"

"అవును సార్."

"మేడం, అప్పుడు అబద్ధం రాసిన మనిషి ఇప్పుడు నిజం చెప్తున్నదని గ్యారంటీ ఏంది? ఈ పదిహేను రోజులల్ల ఇద్దరు కూసోని మాట్లాడుకున్నరేమో. చిత్తు కాగితం ఉన్నదా?"

"చింపేసిన సార్. ఎప్పుడు చింపేస్తనే ఉంటి."

ఆయన చేతులు రెండూ చాపి పద్మశ్రీ వైపు చూశాడు. ఆమె నుదురు పట్టుకున్నారు. "సాలమ్మా, ముందే నాతో ఒక మాట చెప్పి ఉంటే..." అన్నారు. గది లోపలే 'గారు' పోయింది.

శ్యామలాంబ కళ్లద్దాలు తీసి పెట్టింది. "అనుమానం న్యాయమే. అయితే ఒక పని చేద్దాం. ధరణి ఒక గదిలో, సాలమ్మ గారు ఇంకో గదిలో, ఒకరి మొహం ఒకరు చూడకుంట, ఆ రోజు చెప్పిన మాటలు యాదికున్నంత వరకు రాయనీయున్రి. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. తర్వాత ఆ రత్నాకర్‌ను పిలుద్దాం. కటువా, తీపా అని కాదు, ఫలానా తారీకు నాడు ఫలానా మాట అన్నడా లేదా అని అడుగుదాం."

కరుణాకర్ సార్ అభ్యంతరం చెప్పాడు. అది రాసుకున్నారు. రాసుకున్నా పని ఆగలేదు.

సాలమ్మను తక్కెడల గదిలో కూర్చోబెట్టి తెల్ల కాగితం ఇచ్చారు. తేదీ రాసింది. సింకు సంగతి రాసింది. బర్ల మాట రాసింది, అది కష్టం కాలేదు. ఇరవయ్యో తారీకు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ అక్షరాలు ఆమె చేతికి ఎన్నడూ రాలేదు. కలం కాగితానికి ఆనించి ఎత్తింది. మళ్లీ ఆనించింది. "అసభ్య పదము" అని రాస్తే చాలునేమో అనిపించింది. ఆ మాట చెప్పేటప్పుడు ధరణి కిటికీ వైపు ఎందుకు చూసిందో ఇప్పుడు తెలిసింది. అటు చూస్తే ఎదుటి మనిషి కనిపించదు. సాలమ్మ కూడా ఒకసారి కిటికీలోంచి బయటికి చూసి, వంగి, మాటను మాటగా రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. మూడో అంతస్తు సంగతి కూడా రాసి కింద సంతకం పెట్టి, చేతిని కొంగుకు తుడుచుకుంది.

రెండు కాగితాలూ బల్ల మీద పెట్టారు. మూడు సంఘటనలూ రెండింటిలోనూ ఉన్నాయి. బర్ల మాట దాదాపు పొల్లు పోకుండా ఒకటే. మూడోదానికి ధరణి కచ్చితమైన తేదీ వేసింది, సాలమ్మ నెలాఖరు అని మాత్రమే రాసింది. తేడా ఇరవయ్యో తారీకు దగ్గర వచ్చింది. ధరణి అక్కడ "ఫెలోషిప్పు తినడానికి వచ్చిన" అని రాసి నాలుగు చుక్కలు పెట్టింది. సాలమ్మ కాగితంలో చుక్కలు లేవు.

శ్యామలాంబ ఆ రెండు వరసలనూ పైకి చదివింది. కరుణాకర్ సార్ కిందికి చూశాడు. "కోపంల ఏదో ఒకటి వస్తది," అన్నాడు, ఎవరూ అడగకుండానే. పద్మశ్రీ ఆ మాటను రాసుకోమని పక్కనున్న ప్రొఫెసర్‌తో చెప్పారు.

రత్నాకర్‌ను పిలిచి మూడు తేదీలూ, మూడు మాటలూ ఒక్కొక్కటిగా చదివి అడిగారు. మొదటిదానికి అతను "అన్నరు" అన్నాడు. రెండోదానికి తలూపాడు. మాటల్లో చెప్పమంటే "అన్నరు మేడం" అన్నాడు. మూడోదానికి తాను ఆ రోజు ల్యాబులో లేనన్నాడు. మరి ఆనాడు ఎందుకు చెప్పలేదని శ్యామలాంబ అడిగింది.

"గట్టిగ మాట్లాడుతడా అని అడిగిన్రు మేడం. గట్టిగనే కదా మాట్లాడింది. ఈ మాట అన్నడా అని ఎవ్వరు అడగలే."

ఆగస్టు రెండో వారంలో తీర్మానం వచ్చింది. ధరణికి గైడు మారాడు. అదే డిపార్ట్‌మెంటులో అమల మేడం ఆమెను తీసుకున్నారు. కరుణాకర్ సార్‌కు లిఖితపూర్వక హెచ్చరిక వచ్చింది, రెండేళ్ల పాటు కొత్త విద్యార్థులను ఇవ్వకూడదని రాశారు. ఆయన దాని మీద అప్పీలు చేశాడు. వరండాలో ఎదురైతే సాలమ్మను చూసీ చూడనట్టు వెళ్తాడు. వాంగ్మూలాలు ఇకనుంచి ఇద్దరు సభ్యుల ముందు, చెప్పినవాళ్ల మాటల్లోనే రాయాలని, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలని, చిత్తు ప్రతి చింపకూడదని కూడా తీర్మానంలో ఉంది.

చివరి పేరా సాలమ్మ గురించి. వాంగ్మూలమును యథాతథముగా నమోదు చేయనందుకు ఆమెను కమిటీ నుంచి తప్పించి, మెమో జారీ చేశారు. సంజాయిషీ అడిగితే ఆమె రెండు వాక్యాలు రాసి ఇచ్చింది. మెమో నకలు ఆమె సర్వీసు రిజిస్టరులో చేర్చాలి. సిబ్బంది రిజిస్టర్లన్నీ ఉండేది ఆమె బీరువాలోనే. మొగిలి ఆ కాగితాన్ని తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి అక్కడే నిలబడ్డాడు.

"రిజిస్టరు నీ చేతులనే ఉన్నది కదక్కా. రెండేండ్లు అట్టకింద పెడితే ఎవడు చూస్తడు? నువ్వు పోయినంక ఎలుకలు తింటయ్."

"గమ్ బుడ్డి ఇటియ్యి."

"ముప్పై ఏండ్లు అందరి తిట్లకు అంగీలు తొడిగినవ్. నీ మెమోకు ఒక లాగన్న తొడగరాదు?"

సాలమ్మకు నవ్వొచ్చింది. మెమోను పేజీకి అతికించి, పక్క గడిలో తేదీ, కారణం రాసింది. కారణం గడి చిన్నది. అక్షరాలు కాస్త ఇరుకుగా రాయాల్సి వచ్చింది.

తడి ఆరకముందే ధరణి కౌంటరు దగ్గరికి వచ్చింది. చేతిలో పొడిగింపు ఫారం, దాని మీద అమల మేడం సంతకం. ఆఫీసు ముద్ర పడితే డీన్ దగ్గరికి తీసుకుపోవాలి. బల్ల మీద తెరిచి ఉన్న రిజిస్టరు మీద ఆమె కళ్లు పడ్డాయి. తలకిందులుగానే చదివింది.

"నా వల్లనా మేడం ఇది?"

"నీ వల్ల ఎందుకయితది? నేను రాసినదాని వల్ల."

ధరణి ఫారాన్ని కౌంటరు మీద పెట్టింది. కృతజ్ఞతలు చెప్పాలో వద్దో తేల్చుకోలేని మొహం. కొంచెంసేపటికి, "ముందుగాలనే రాసి ఉంటే నెల రోజులు నాకు నిద్ర ఉండేది," అంది. కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టే చెప్పింది.

"ఉండేది," అంది సాలమ్మ.

ఫారం తీసుకుని పైనుంచి కిందిదాకా వేలితో చూసుకుంటూ వచ్చింది. ఒక గడి ఖాళీగా ఉంది. కలం ఇచ్చి అది నింపించింది. ముద్ర వేసి, ఇన్‌వర్డ్ పుస్తకంలో నంబరు వేసి ఫారం తిరిగి ఇచ్చింది.

"డీన్ సారు మూడింటికి పోతడు. లంచ్‌కు ముందుగాలనే పో బిడ్డా. పొయ్యేటప్పుడు జెరాక్స్ తీసి పెట్టుకో."

ధరణి సరేనని తలూపి, ఫారాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ పైకి వెళ్లింది.